రూటరు అడుగున అంటించిన చీటీ

ఆ అబ్బాయి మా ఇంట్లో ఉన్నది ఇరవై ఐదు నిమిషాలు. కరెంటు స్తంభం మీంచి నల్లతీగ లాక్కొచ్చి, కిటికీ చువ్వల సందున వరండాలోకి దించి, గోడకు రెండు స్క్రూలు బిగించి తెల్లడబ్బా తగిలించాడు. పచ్చదీపాలు వెలిగాయి. "మేడమ్, మీ ఫోన్ నంబరు చెప్పండి" అన్నాడు. బిల్లు కోసమనుకుని చెప్పాను. "అదే మీ వైఫై పాస్‌వర్డు మేడమ్, మర్చిపోయే పనుండదు" అని నా ఫోనులో తనే కొట్టి, కాగితం మీద సంతకం తీసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

పని తెలిసిన కుర్రాడు. మర్యాద తెలిసినవాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు, ముందే చెబుతున్నాను. కానీ ఆ ఇరవై ఐదు నిమిషాల్లో మా ఇంటికి సంబంధించిన మూడు నాలుగు నిర్ణయాలు జరిగిపోయాయి. అవి జరిగినట్టు ఎనిమిది నెలల తర్వాత గాని నాకు తెలియలేదు.

మాది పాలకొల్లు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై నాలుగేళ్ళు ఫిజికల్ సైన్సు చెప్పి 2018లో రిటైరయ్యాను. పదో తరగతి పిల్లలకు సంపూర్ణాంతర పరావర్తనం చెప్పిన ప్రతి ఏడూ బోర్డు మీద ఒక వంపు గొట్టం గీసి, దాని గోడలకు తగులుతూ ముందుకు పోయే కిరణాన్ని గీసేదాన్ని. "ఆప్టికల్ ఫైబర్ పనిచేసేది ఇలాగే" అనేదాన్ని. ఆ ఫైబరును కళ్ళారా చూసింది మాత్రం రిటైరయ్యాక, మా వరండాలో. ఆ అబ్బాయి నల్లతొడుగు ఒలిచి, లోపలి గాజుపోగును బయటికి తీసి, అరచేతిలో పట్టే పరికరంతో తుంచి, తుడిచి, మరో పోగుకు అతికించాడు. పోగు వెంట్రుకంత లావుంది. అందులో కాంతి నడిచే నడిమి భాగం మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. ముప్పై నాలుగు బ్యాచ్‌ల పిల్లలకు సుద్దముక్కతో చూపించినది నా ఎదురుగా, నా ఇంటి గోడ మీద వెలుగుతుంటే గొంతు పట్టేసింది. ఆ సంతోషంలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు.

మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మనవడు నాతో మాట్లాడి పడుకుంటాడు. వాడికప్పటికి రాత్రి. దసరా దాటిన దగ్గర్నుంచి ఆ మాటలు తెగిపోవడం మొదలైంది. వాడు కథ చెబుతుంటే సగంలో బొమ్మ నిలిచిపోయేది. కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ "స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యండి" అన్నారు. వేశాను. కాసేపు బాగుండేది, మళ్ళీ మామూలే.

"అమ్మా, ఆ డబ్బాలోకి వెళ్ళి ఎప్పుడైనా చూశావా?" అంది మా అమ్మాయి.

"డబ్బాలోకి వెళ్ళడమేమిటే?"

"తిప్పి చూడు. అడుగున చీటీ ఉంటుంది."

ఉంది. అగ్గిపెట్టంత కాగితం. భూతద్దం పెట్టి చదివాను. 192.168.1.1 అని ఒక సంఖ్య, కింద యూజర్‌నేమ్, దాని కింద పాస్‌వర్డు. రెండుచోట్లా 'అడ్మిన్' అనే మాటే. ఫోనులో బ్రౌజరు తెరిచి, పైన అడ్రసు రాసే గడిలో ఆ సంఖ్య కొట్టాను. ఇక్కడ ఒక మాట. దీన్ని గూగుల్‌లో వెతకకూడదు, పై గడిలోనే కొట్టాలి. వెతికితే ఎవరెవరివో పేజీలు, 'కస్టమర్ కేర్' అంటూ మోసగాళ్ళు పెట్టిన నంబర్లు ఎదురుపడతాయి. మా వీధిలో ఒకరు అలాంటి నంబరుకే ఫోన్ చేసి ఓటీపీ చెప్పేశారు. వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న సంగతి వాళ్ళకి మర్నాటిదాకా తెలియలేదు.

పేజీ తెరుచుకుంది. ఇది సురక్షితం కాదని బ్రౌజరు హెచ్చరించింది గాని, మన ఇంట్లో డబ్బాతోనే మనం మాట్లాడుతున్నాం కాబట్టి అక్కడ బెదరక్కర్లేదు. లోపల 'కనెక్టెడ్ డివైసెస్' అని ఒక పట్టిక ఉంది. పదిహేడు పేర్లు. మా ఇంట్లో నెట్టు వాడేవి మూడే: నా ఫోను, టీవీ, మనవడు వచ్చినప్పుడు ఆడుకునే ట్యాబు. మిగతా పద్నాలుగూ ఎవరివి?

గేటు దగ్గరికి వెళ్ళాను. మా గేటుకి ఒక బోర్డుంది. 'టెన్త్ ఫిజిక్స్ ట్యూషన్ చెప్పబడును' అని, కింద నా ఫోన్ నంబరు. పసుపు రంగు మీద నల్లటి అంకెలు, వీధి చివర నుంచి కూడా కనిపించేలా రాయించాను. అదే మా వైఫై పాస్‌వర్డు.

పక్క సందులో అద్దెకుండే పాలిటెక్నిక్ పిల్లలు వాడుకుంటున్నారు. ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే. అడిగితే తల వంచుకుని ఒప్పుకున్నాడు. వాళ్ళను దొంగలనను. నెట్టు లేక చదువు ఆగే పిల్లలకు ఇవ్వడం నాకు ఇష్టమే. కానీ ఇవ్వడం వేరు, నాకు తెలియకుండా పోవడం వేరు. ఇచ్చేటప్పుడు ఎవరికి, ఎంత అన్నది ఇంటివాళ్ళు నిర్ణయించాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాటే: రూటరు ఇంట్లో పెట్టినంత మాత్రాన ఇంటిదైపోదు, దాని తాళాలు ఇంటివాళ్ళ చేతికి రావాలి. మొదటిరోజే రావాలి.

తాళాలు అని బహువచనంలో ఎందుకన్నానంటే రూటరుకు రెండుంటాయి. వైఫై పాస్‌వర్డు వీధిగుమ్మం తాళం. అది తెలిసినవాళ్ళు మన నెట్టు వాడుకోగలరు. చీటీ మీద ఉన్నది బీరువా తాళం. అది తెలిసినవాళ్ళు మొదటి తాళాన్నే మార్చేయగలరు, మనం ఎక్కడికి వెళుతున్నామో దారి మళ్ళించగలరు. మొదటిది ఫోను నంబరైనా పెడుతున్నారు. రెండోది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేస్తున్నారు. తాళం వేసితిమి, గొళ్ళెం మరచితిమి.

దారి మళ్ళించడమంటే ఏమిటో చెప్పాలి. మనం బ్యాంకు పేరు కొట్టగానే, ఆ పేరు ఏ సంఖ్య దగ్గరుందో చెప్పే డైరెక్టరీ లాంటిది ఒకటుంటుంది. డీఎన్‌ఎస్ అంటారు. ఏ డైరెక్టరీని అడగాలో రూటరులో రాసి ఉంటుంది. ఎవరైనా లోపలికి వెళ్ళి ఆ ఒక్క గడి మార్చేస్తే, మనం సరైన పేరే కొట్టినా వేరే ఇంటి గుమ్మంలో నిలబడతాం. 2011లో బ్రెజిల్‌లో ఇళ్ళలో ఉన్న 45 లక్షల మోడెమ్‌లలో ఇలాగే జరిగింది. జనం తమ బ్యాంకు అనుకుని నకిలీ పేజీల్లో వివరాలు రాసిచ్చారు. తప్పు మొదలైంది వాళ్ళ కంప్యూటర్లలో కాదు, గోడకున్న డబ్బాలో.

2016లో వచ్చిన 'మిరాయ్' కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఫ్యాక్టరీలో పెట్టి వదిలేసే అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డు జతలను ఒక ప్రోగ్రాములో రాసి నెట్టులోకి వదిలారు. అది ఇంటింటి కెమెరాలనూ రూటర్లనూ ఆ జతలతో తట్టి చూస్తూ పోయింది. తెరుచుకున్న వాటన్నిటినీ తన సైన్యంలో చేర్చుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి సైన్యం అమెరికాలో ఒక డీఎన్‌ఎస్ సంస్థ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. దీన్ని తయారుచేసింది కాలేజీ వయసు కుర్రాళ్ళు. అంత పని చేయడానికి వాళ్ళకు ఏ రహస్యవిద్యా అక్కర్లేకపోయింది. చీటీ మీద ఉన్నదాన్ని మనం మార్చకపోవడమే వాళ్ళకు చాలింది.

వీధిగుమ్మం తాళం సంగతికొస్తే, మన దేశంలోనే జరిగినది ఒకటుంది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక ఈమెయిల్ వచ్చింది. అది నవీ ముంబయిలో ఉంటున్న ఒక విదేశీయుడి ఇంటి నెట్ కనెక్షన్ నుంచి పోయినట్టు పోలీసులు పట్టుకున్నారు. ఆయన వైఫైకి సరైన కాపలా లేదు, దాన్ని వేరెవరో వాడుకున్నారు. ఆ సంగతి తేలేలోపు ఆయన ఇంటికి పోలీసులు రావడం, కంప్యూటర్లు పట్టుకుపోవడం, ప్రశ్నల మీద ప్రశ్నలు అడగడం అన్నీ జరిగాయి. ఒంటరిగా ఉండే నాలాంటివాళ్ళ గేటు ముందు ఆ జీపు ఆగితే ఏమవుతుందో ఆలోచించండి.

కంపెనీ డబ్బాలో నాకు కొన్ని గదులే తెరుచుకున్నాయి. తక్కినవి వాళ్ళే దూరం నుంచి చూసుకుంటారట. వాళ్ళ పని వాళ్ళది. అందుకని నాదంటూ ఒక రూటరు ఉండాలనుకుని భీమవరం వెళ్ళి రెండు వేల లోపు ఒకటి కొన్నాను. పెట్టెలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంది. దాని మీద భాషలు లెక్కపెట్టాను, పదకొండు. తెలుగు లేదు.

ఆ పూట మధ్యాహ్నం పన్నెండింటికి కూర్చుంటే లేచేసరికి సాయంత్రం దీపాల వేళయింది. మొదట కేబులు తప్పు రంధ్రంలో పెట్టాను. రూటరు వెనక ఒకే రంగువి నాలుగు రంధ్రాలు, విడిగా వేరే రంగుది ఒకటి ఉన్నాయి. బయటి నుంచి వచ్చే తీగ ఆ విడిగా ఉన్నదాంట్లోనే పెట్టాలి. అది వీధి వైపు గుమ్మం. నాలుగూ ఇంట్లో గదుల వైపువి. అది సరిచేశాక కూడా రూటరు పేజీ తెరుచుకోలేదు. తెరుచుకున్నా కంపెనీ డబ్బా పేజీయే వచ్చేది. గంటన్నర తర్వాత అర్థమైంది. కొత్త రూటరు చీటీ మీద కూడా 192.168.1.1 అనే ఉంది. ఒకే వీధిలో రెండిళ్ళకు ఒకటే డోరు నంబరు ఉంటే పోస్టుమ్యాన్ ఏ ఇంట్లో వేస్తాడు? కొన్ని రూటర్లు ఈ చిక్కు పసిగట్టి తామే నంబరు మార్చుకుంటాయట. నాది మార్చుకోలేదు. కంపెనీ డబ్బాకు పోయే తీగ పీకేసి, కొత్తదాంతో మాత్రమే మాట్లాడి, దాన్ని 192.168.2.1గా మార్చి మళ్ళీ కలిపాను. దీపం నారింజ రంగు నుంచి పచ్చకు తిరిగింది.

ఆ సంఖ్య ఎందుకు అందరిళ్ళలో ఒకేలా ఉంటుందన్నది నన్ను ఆ రాత్రి పడుకోనివ్వలేదు. కూర్చుని చదివాను. ఇంటర్నెట్ చిరునామాలు మొదట 32 బిట్లతో కట్టారు. రెండును ముప్పై రెండుసార్లు గుణించుకుంటూ పోతే సుమారు 430 కోట్లు వస్తుంది. ప్రపంచ జనాభాకు తలా ఒకటి కూడా రాదు. అందుకని 1996 ఫిబ్రవరిలో కొన్ని వరుసలను విడిగా పెట్టి, వీటిని ఎవరిళ్ళలో వాళ్ళు వాడుకోండి, వీధిలోకి మాత్రం తీసుకురాకండి అని కట్టడి చేశారు. 192.168తో మొదలయ్యే వరుస అందులోదే. రూటరు చేసే ముఖ్యమైన పని ఇక్కడే ఉంది. లోపల ఎన్ని ఫోన్లున్నా వీధిలోకి ఒకే నంబరుతో వెళ్ళి, వచ్చిన జవాబును ఎవరు అడిగారో గుర్తుపెట్టుకుని వాళ్ళకే ఇస్తుంది. అపార్టుమెంటు వాచ్‌మన్ పార్సిళ్ళు తీసుకుని ఏ ఫ్లాటువి ఆ ఫ్లాటుకు చేర్చినట్టు. మా అమ్మాయిని అడిగితే మెల్‌బోర్న్ ఇంట్లో రూటరు నంబరు కూడా, మా కంపెనీ డబ్బాది లాగే, 192.168.1.1 అనే చెప్పింది. సుమారు తొమ్మిది వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇద్దరి ఇళ్ళ లోపలా ఒకే చిరునామా ఉందన్న మాట ఆ రాత్రి నాకు చాలా ఓదార్పునిచ్చింది.

ఇక పాస్‌వర్డులు. రెండూ మార్చాను. వైఫైకి తెలుగు మాటలు నాలుగు తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాశాను. ఒకదానికొకటి పొంతన లేని మాటలు. మా అమ్మ వాడినవి, ఇప్పుడెవరూ వాడనివి. అంకెల కన్నా ఇవే నాకు బాగా గుర్తున్నాయి. సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ3 ఉంటే అది, పాత టీవీ పట్టుకోకపోతే డబ్ల్యూపీఏ2. అంతకన్నా పాతవి ఎంచుకోకూడదు. అప్‌డేట్లు వాటంతటవే వచ్చేలా పెట్టాను.

డబ్ల్యూపీఎస్ అనే మీట దగ్గర మాత్రం లెక్కల టీచరుకు ఇవ్వదగ్గ లెక్క దొరికింది. పాస్‌వర్డు కొట్టక్కర్లేకుండా ఎనిమిది అంకెల పిన్నుతో కలిసే సౌకర్యం అది. ఎనిమిదో అంకె మిగతా ఏడింటి నుంచి వచ్చేది కాబట్టి కనుక్కోవాల్సినవి ఏడు. అంటే కోటి అవకాశాలు. వినడానికి బలంగానే ఉంది. కానీ రూటరు ఆ పిన్నును రెండు ముక్కలుగా సరిచూస్తుంది. మొదటి నాలుగూ తప్పయితే అక్కడే తప్పని చెప్పేస్తుంది. అప్పుడు కనుక్కోవాల్సింది ముందు పదివేలలో ఒకటి, తర్వాత వెయ్యిలో ఒకటి. రెండూ గుణించడం కాదు, కూడాలి: పదకొండు వేలు. కోటి కాస్తా పదకొండు వేలైపోయింది. 2011 డిసెంబరులో ఈ లోపాన్ని బయటపెట్టారు. నేనిది మా ట్యూషను పిల్లలకు బోర్డు మీద చేసి చూపించాను. గుణకారానికీ కూడికకూ ఉన్న తేడా వాళ్ళకు అంత బాగా ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ మీటను నేను ఆపేశాను. మీరూ ఆపండి.

పాలిటెక్నిక్ పిల్లలకు 'గెస్ట్ నెట్‌వర్క్' తెరిచాను. అది ఇంటి వసారా లాంటిది. నెట్టు వస్తుంది, నా ఫోనూ టీవీ వాళ్ళకు కనపడవు. దాని పాస్‌వర్డు నేనే రాసిచ్చాను. పరీక్షల్లో తప్ప రాత్రి పదకొండు తర్వాత ఆపేస్తానన్నాను. సరే టీచరుగారూ అన్నారు.

రూటరు ఎక్కడ పెట్టాలన్నది ఎవరూ చెప్పరు. తీగ ఎక్కడ దిగితే అక్కడే వేలాడుతుంది. మా వరండా ఇంటికి తూర్పు కొసన, నేను రోజంతా ఉండే వంటగది పడమటి కొసన. మధ్యలో తొమ్మిదంగుళాల ఇటుకగోడలు మూడు, ఒక ఇనప బీరువా. వైఫై తరంగాలకు ఇనుము అంటే పెద్ద గోడే. వైఫై రెండు రకాలుగా వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు. పొట్టిది వేగంగా మోస్తుంది గాని గోడల దగ్గర నీరసపడుతుంది. పొడవుది నెమ్మదిగా అయినా వంటింటిదాకా వస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇంచుమించు ఆ 2.4 దగ్గరే పనిచేస్తుంది. అది తిరిగేటప్పుడు ఫోను తడబడితే ఆశ్చర్యం లేదు.

మా హాల్లో నడిగోడకు ఒక చెక్కగూడు ఉంది. మా మామగారు రేడియో కోసం కట్టించారు. నాలుగు గదుల్లోకీ వార్తలు వినపడాలని ఇంటి నడిమధ్య, తల ఎత్తులో పెట్టించారు. ఆ రేడియోకు లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి రుసుము కట్టి ముద్ర వేయించుకొచ్చేవారు, ఉన్నది వినడానికే అయినా. ఇప్పుడు ఈ రూటరు వినడమే కాదు, తానూ ప్రసారం చేస్తుంది. అయినా 2005లో మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు తీసేయడం వల్ల ఎవరినీ అడగక్కర్లేకుండా ఇంట్లో పెట్టుకోగలుగుతున్నాం. ఖాళీగా ఉన్న ఆ గూట్లోకి, పన్నెండు మీటర్ల కేబులు లాగించి, రూటరు పెట్టాను. వంటింట్లో పోపు వేస్తూ మనవడి కథ చివరిదాకా విన్నాను.

ఆ తర్వాత మా వీధిలో తెలిసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను. ఎదురింటి వదినగారి ఇల్లు, కిరాణాకొట్టు వాళ్ళది, మిల్లు మేనేజరు గారిది, ఇలా తొమ్మిదిళ్ళు. వేర్వేరు కంపెనీల కనెక్షన్లు. ఏడిళ్ళలో చీటీ మీద ఉన్న మాటే లోపలి తాళం. ఆరిళ్ళలో వైఫై పాస్‌వర్డు ఇంటాయన ఫోన్ నంబరు. గమనించండి, ఇంటాయనది. వదినగారికి తన ఇంటి వైఫై పాస్‌వర్డు తెలియదు. "మీ అన్నయ్యగారికే తెలుసు" అంది. కరెంటు ఫ్యూజు పోతే స్టూలెక్కి వేసే మనిషి, గ్యాసు సిలిండరు తనే మార్చుకునే మనిషి ఈ డబ్బాను మాత్రం ముట్టుకోదు. ముట్టుకుంటే చెడిపోతుందని ఎవరో చెప్పారట. నేను పక్కన కూర్చుని, వేలు ఆమెది, చూపు నాది, రెండు పాస్‌వర్డులూ ఆమె చేతే మార్పించాను. పదకొండు నిమిషాలు పట్టింది. "ఇంతేనా వదినా?" అంది.

ఇంతే. కాబట్టే నా కోపం. 2017 డిసెంబరులో మన రాష్ట్ర ఫైబర్ నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు ఇస్తామని మొదలైనప్పుడు కరెంటు స్తంభాల మీదుగా తీగలు ఊళ్ళోకి రావడం చూసి నాలాంటివాళ్ళు ఎంత సంబరపడ్డామో! ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. గాజుపోగు గుమ్మందాకా వచ్చింది. దాన్ని ఏలుకునే తెలివి మాత్రం గుమ్మం బయటే ఆగిపోయింది.

డెల్టాలో పుట్టినదాన్ని కాబట్టి నాకు వెంటనే గుర్తొచ్చేది పురుగుమందు డబ్బా. దాని మెడకో, పెట్టెలోనో ఒక కాగితం ఉంటుంది. ఎంత కలపాలో, ఏ గాలికి ఎదురుగా కొట్టకూడదో, ఒంటి మీద పడితే ఏం చేయాలో తెలుగులో ఉంటుంది. కంపెనీలు దయతలచి వేసినది కాదు. అమ్మే ప్రాంతపు భాషలో ఆ కాగితం ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. చదవలేకపోతే ప్రమాదమైనదాన్ని చదవగలిగే భాషలో ఇవ్వాలన్న బుద్ధి ఈ దేశానికి యాభై ఏళ్ళ కిందటే ఉంది. బ్యాంకు ఖాతా, ఆధార్, పిల్లల ఫొటోలు, ఇంటి కెమెరా అన్నీ ఒక డబ్బాలోంచే పోతున్నప్పుడు ఆ డబ్బాకు ఒక తెలుగు కాగితం ఉండొద్దా?

చీటీ సంగతి కూడా తేలాలి. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లో ఉంది. నెట్టుకు కలిసే వస్తువుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డు పెడితే అది ఒక్కో వస్తువుకు ఒక్కోటై ఉండాలి, లేదా మొదటిసారి వాడేటప్పుడు కొత్తది పెట్టుకోనిదే ముందుకు పోనివ్వకూడదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే పాస్‌వర్డుతో వస్తువులు అమ్మడమే కుదరదు. ఆ రెండోపని, కొత్తది పెట్టుకోనిదే ముందుకు పోనివ్వకపోవడం, మా గోడ మీది డబ్బా కూడా చేయవచ్చు. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, లోపలి ప్రోగ్రాములో ఒక షరతు చాలు. నెట్టు కనెక్షన్ పెట్టినప్పుడు మన చేత సంతకం చేయించుకునే కాగితంలో కూడా ఒక వరుస ఉండాలి: 'రెండు పాస్‌వర్డులూ నేనే మార్చుకున్నాను.' ఇంటాయన కాదు, ఆ పూట ఇంట్లో ఎవరుంటే వాళ్ళు. ఆ వరుస మీద సంతకం లేకపోతే పని పూర్తయినట్టు కంపెనీ లెక్కలోకి ఎక్కకూడదు.

ఎవరో రాసిచ్చేదాకా ఆగలేక ఒక కాగితం నేనే రాశాను. ఒకవైపే, పెద్ద అక్షరాల్లో. చీటీ ఎక్కడుంటుందో బొమ్మ గీశాను. ఎర్రదీపం వెలిగితే తప్పు సాధారణంగా డబ్బాలోది కాదు, దానిదాకా వచ్చే తీగలోదని రాశాను, దాన్ని చూసి వందసార్లు స్విచ్చి ఆపి వేసినా లాభం లేదు గనక. రూటరు అడాప్టరు మీద ఎన్ని వోల్టులని ఉందో చూడకుండా పాత సెట్‌టాప్ బాక్సుది తగిలించవద్దని రాశాను. కిరాణాకొట్టు వాళ్ళు జిరాక్సులు తీసి కౌంటరు మీద పెట్టారు.

ఇంత చేశాక కూడా వానాకాలంలో మా నెట్టు రాత్రిళ్ళు పోయేది. మళ్ళీ ఆ అబ్బాయే వచ్చాడు. కాంతి బలం కొలిచే మీటరు పెడితే మైనస్ 27 చూపించింది. వరండా అంతా చూసి, కిటికీ రెక్క తెరిచాడు. మైనస్ 20. వాన జల్లు కొడుతుందని నేను రెక్క వేసినప్పుడల్లా తీగ చువ్వకూ రెక్కకూ మధ్య నలుగుతోంది. వంగినచోట కాంతి పోగులోంచి బయటికి జారిపోతోంది. ఏడు డెసిబెళ్ళంటే ఐదు రెట్ల కాంతి. సందిగ్ధ కోణం గురించి పిల్లలకు చెప్పినదంతా ఆ కిటికీలో ఉంది. గోడకు సన్నటి బెజ్జం వేసి తీగను అందులోంచి తీశాడు.

కాఫీ ఇచ్చి నా కాగితం చూపించాను. నిలబడే మొత్తం చదివాడు. "బాగుంది మేడమ్. కానీ రోజుకు ఆరిళ్ళు చేస్తేనే నాకు గిడుతుంది. కనెక్షనుకింత అని ఇస్తారు. ఇంటికి పదిహేను నిమిషాలు ఇది చెబుతూ కూర్చుంటే ఒక ఇల్లు పోతుంది" అన్నాడు. నిజమే. ఆరు పదిహేన్లు తొంభై నిమిషాలు. ఆ ఇల్లు అతని జేబులోంచి పోకూడదు. కనెక్షన్ పెట్టినందుకు నా దగ్గర ఇన్‌స్టలేషన్ చార్జీ తీసుకున్నారు. తీగకింత, డబ్బాకింత అని విడివిడిగా రసీదు కూడా ఇచ్చారు. ఆ రసీదులో చెప్పినందుకు ఇంత అని ఇంకో వరుస వేసి, ఆ డబ్బు అతనికి ఇవ్వండి. నేను కడతాను. మా వీధిలో తొమ్మిదిళ్ళ వాళ్ళనూ అడిగాను, వాళ్ళూ కడతామన్నారు.

వెళుతూ అతను పది కాగితాలు అడిగి తీసుకున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చి ఇరవై అడిగాడు.